పెద్దల దినం

ఆ ఏడు అక్టోబరు రెండో తారీఖు పొద్దున్నే హుస్సేనీ ఆలంలోని కైలాసం ఇంట్లో బూంది కళాయి పొయ్యెక్కింది. కైలాసం కంచన్‌బాగ్‌లో ఒక ఫ్యాక్టరీలో గుమాస్తా, గల్లీ సంఘానికి కార్యదర్శి. ఇంటి ముందు గాంధీ జయంతి జరపాలి, ఫ్యాక్టరీ నుంచి ఫోర్‌మన్ బాబురావు వచ్చి ఉపన్యాసం ఇవ్వాలి, అందరికీ బూంది పంచాలి. అనుకున్నది అంతే.

గడ్డం గీసుకుంటుండగా, లాల్ బహదూర్ శాస్త్రి పుట్టింది కూడా ఈ రోజేనని రేడియోలో చెప్పారు. కైలాసం సగం గడ్డంతోనే వంటింట్లోకి వచ్చాడు.

"ఇద్దరి పండుగకు ఒక్కరి పేరేంది కమలా?"

పేరు ఏదైతేనేం, బూంది ఒకటే కదా అంది భార్య. కానీ కైలాసానికి అప్పటికే హుషారు తలకెక్కింది. ఇద్దరి పేర్లూ పెడితే మిగతా నాయకులు ఏం పాపం చేశారు? అందరినీ కలుపుకునే పేరు కావాలి. ఇవాళ గల్లీలో పెట్టిన పేరు రేపు ఢిల్లీ దాకా పోవచ్చు. ముఖం కడుక్కునేసరికి ఆ పేరు దొరికేసింది: పెద్దల దినం.

బోర్డులు రాసే అంజన్‌ను పిలిపించి, 'ఈ రోజు మా పెద్దల దినం, అందరూ రావాలె' అని రాయమన్నాడు. అంజన్ కుంచె పట్టుకుని కాసేపు అతని ముఖంలోకే చూశాడు.

"గిట్లనే రాయాల్నా అన్నా?"

"గట్లనే రాయి. గల్లీ చివర్నుంచి కనవడాలె."

అంజన్ అలాగే రాశాడు. తనంతట తానే చుట్టూ నల్ల అంచు కూడా వేశాడు. కూలి ఇవ్వబోతే దండం పెట్టి వెళ్లిపోయాడు. దేశభక్తి ఇంకా బతికే ఉందని పొంగిపోతూ, కైలాసం బాబురావును తీసుకురావడానికి బయలుదేరాడు.

కైలాసం తండ్రి రామలింగం ఉస్మాన్‌గంజ్‌లో ఉప్పు వ్యాపారి. సరుకు కోసం చినగంజాం వెళ్లి రెండు వారాలు దాటింది. ఇక ఆ గల్లీలో దినం అంటే చనిపోయినవాళ్లకు చేసేదే. బోర్డు చూసిన ఎదురింటి బుచ్చమ్మ, సేటు పోయిన ఊళ్లోనే పోయాడనుకుంది. పరుగున వచ్చి కమలను పట్టుకుని ఏడ్చింది. తమకు రాని టెలిగ్రాం ఏదో వాళ్లకు వచ్చిందనుకుని కమల కూడా ఏడ్చింది. కోడలే ఏడుస్తుంటే ఇంక అనుమానం ఎవరికి? కబురు ఉస్మాన్‌గంజ్ చేరింది. వ్యాపారులు దుకాణాలు మూసి దండలతో వచ్చారు. ఆ దండల కింద కుర్చీలో ఉన్న గాంధీ పటం పూర్తిగా మునిగిపోయింది.

కైలాసం తిరిగి వచ్చేసరికి గల్లీ నిండా జనం, అందరి కళ్లలో నీళ్లు. పేరు మారిస్తే ఇంత మహిమా అని అతని గుండె ఉప్పొంగింది. బాబురావు కూడా కరిగిపోయి మైకు అందుకున్నాడు.

"బక్కపలుచని మనిషి. గానీ, ఉప్పు కోసం సముద్రం దాంక నడిచిపోయిండు."

జనం గొల్లుమన్నారు. రైలు ఉండగా ముసలాయన అంత దూరం ఎందుకు నడిచినట్టని బుచ్చమ్మ కుమిలిపోయింది.

అంతలో వైకుంఠం లేచాడు. ఉస్మాన్‌గంజ్‌లో రామలింగం పక్క దుకాణం అతనిదే. ఇద్దరికీ ఏళ్ల తరబడి మాటల్లేవు. బాబురావు చేతిలోని మైకు తీసుకున్నాడు.

"ఇయ్యాల అబద్ధం చెప్పొద్దు. నా తక్కెడ కన్న ఆయన తక్కెడే సక్కనిది. ఆయన గిరాకీని మాయమాటలతోని గుంజుకున్నది నేనే."

గాంధీకి తక్కెడ ఎక్కడిదని కైలాసం తల గోక్కుంటుండగా, జనం వెనక రిక్షా ఆగింది. సంచితో రామలింగం దిగాడు. నల్ల అంచు బోర్డు చూశాడు, మైకులో మాటలు విన్నాడు. దారిలో ఉన్నవాళ్లు అతన్ని చూసి గోడలకు అతుక్కుపోయారు. కమల ఏడుస్తూ నవ్వుతూ వచ్చి మామ కాళ్లకు దండం పెట్టింది.

కైలాసం తన బోర్డును మరొకరు రాసినదాన్ని చదివినట్టు చదివాడు. ముఖం పాలిపోయింది. తప్పయిందని, పేరు తుడిపేసి మళ్లీ జయంతి అనే రాయిస్తానని బోర్డు మీదికి చెయ్యి చాచాడు. రామలింగం ఆ చెయ్యి పట్టుకుని, ఇంకా మైకు పట్టుకునే ఉన్న వైకుంఠాన్ని తృప్తిగా చూశాడు.

"పేరు మార్చకు బిడ్డా. వచ్చే ఏడు ముందుగాల్నే వచ్చి కూసుంట."