ఖాళీ ఫైలుకు జ్వరం

పినపాకలో మూడు రోజులుగా ముసురు. రామకృష్ణ మొహంలో అయితే రెండు నెలలుగా ముసురే. ఆ ఉదయం అతని పథకం చిన్నది: ఎనిమిదింటికి టూల్ నడపాలి, పదకొండింటి మీటింగులో పది తప్పులు చూపాలి, ఉద్యోగం నిలబెట్టుకోవాలి. చూపకపోతే ఇవాళే ఆఖరని మేనేజర్ ప్రభాకర్ హైదరాబాదు నుంచి ముందే చెప్పేశాడు.

మనిషి రాసిన ప్రోగ్రాంను మెషిన్‌కు అర్థమయ్యేలా మార్చేది కంపైలర్. దాని మీదికి పిచ్చిపిచ్చి ప్రోగ్రాంలు వేలకొద్దీ రాసి విసరడం ఈ టూల్ పని. కంపైలర్ కూలబడిందా, తప్పు దొరికినట్టే. అప్పుడు ఆ ప్రోగ్రాంలో అక్కర్లేని వరుసలు పీకేసి, కూల్చిన ముక్కను మాత్రం మిగులుస్తుంది. ఇన్నాళ్లూ దానికి ఒక్క భాషే వచ్చు. క్లయింటు తయారుచేసుకున్న కొత్త భాషను కూడా నేర్పడానికి రామకృష్ణ రెండు నెలలు తిండి మరిచాడు. భార్య కళావతి మాత్రం, ఒక్క పూట కూడా మరవలేదంటుంది.

మొదటి ప్రోగ్రాంకే కంపైలర్ కూలింది. రెండోదానికీ కూలింది. తొమ్మిదికల్లా తొమ్మిది వందలు! రామకృష్ణ నవ్వాడు. ఆ వింత చూసి గోడమీది బల్లి జారి కింద పడిందట.

"సార్, మీరు పది అడిగిండ్రు. తొమ్మిది వందలు దొరికినయ్!"

"ఆగాగు, క్లయింటుకు నేనే చెప్త!" అన్నాడు ప్రభాకర్ ఫోనులో.

పావుగంటలో క్లయింటు ఆ రోజు విడుదల చేయాల్సిన కంపైలర్‌ను ఆపేశాడు. ఐదుగురి మీటింగు నలభై మందిదయింది.

అప్పుడు తీరిగ్గా, టూల్ మిగిల్చిన ముక్కలు తెరిచాడు రామకృష్ణ. మొదటిది ఖాళీ. రెండోదీ ఖాళీ. తొమ్మిది వందల ఫైళ్లలో ఒక్క అక్షరం లేదు.

ఆశా వర్కర్ కళావతి, మలేరియా కిట్ల సంచి భుజాన వేసుకుని వాన తెరిపి ఇవ్వాలని చూస్తోంది. "ఏందయ్యా, గిప్పుడే నవ్వినవ్, గంతలనే ఏడుపు మొహమా?"

"ఏం రాయని ఫైలుకు గూడ కూలుతుందే."

"అందరికీ జ్వరమేనా? ఒక్కడన్న బాగున్నోడు లేడా?"

"లేడు."

"మొన్న ఒక పెట్టె కిట్లు గిట్లనే, ఇంటింటికీ మలేరియా అని చూపినయ్. అనుమానమొచ్చి నీళ్లచుక్క ఏసిన. నీళ్లకూ మలేరియానే! ముందుగాల జ్వరం లేనోన్ని పరీక్షజెయ్."

పసిపిల్లాడు కూడా తప్పు రాయలేని రెండు వరుసల ప్రోగ్రాం రాసి వేశాడు. దానికీ కూలింది! అప్పుడు కంపైలర్ ఫైలు చూశాడు. నిన్న కొత్తగూడెం నుంచి వస్తూ బస్సులో డౌన్‌లోడ్ పెట్టి నిద్రపోయాడు. అడవిలో సిగ్నల్ పోయి ఫైలు సగంలో తెగింది. ఆ సగం కంపైలర్ అసలు లేవనే లేదు. లేవనిదాన్ని టూల్ తొమ్మిది వందల సార్లు కూలిందని రాసుకుంది.

"ఇప్పుడేం జేస్తవ్?"

"ఉన్నది చెప్పేస్త. రేపటి సంది నీ సంచి మోస్త."

"తడవకుండ మొయ్యాలె మరి," అంది కళావతి.

పదకొండింటికి నలభై మొహాల ముందు చెప్పేశాడు. ప్రభాకర్ కెమెరా ఆరిపోయింది. క్లయింటు ఇంజనీరు రాజ్యశ్రీ మాత్రం, "పూర్తి కంపైలర్ మా దగ్గరుందిగా! మీ ఘనమైన ఖాళీ ఫైలు ఇటివ్వండి, వేసి చూద్దాం," అంది ఎగతాళిగా.

వేసింది. కూలింది. మళ్లీ వేసింది. మళ్లీ కూలింది. ఖాళీ ఫైలు ఇచ్చి చూడాలని రెండేళ్లుగా వాళ్లలో ఒక్కరికీ తోచలేదట.

ప్రభాకర్ కెమెరా వెలిగింది. "రామకృష్ణ మస్తు పనోడని నేను మొదటిసందీ చెప్తలేనా!"

ఉద్యోగం నిలిచింది. రామకృష్ణ మొహంలో ముసురు మాత్రం వీడలేదు. రెండు నెలల్లో అతను రాసిన పదకొండు వేల వరుసల్లో, క్లయింటు మెచ్చుకున్నది రాయని వరుస ఒక్కటే.