రెండు వేల యాభై రైలుకు దస్తీ వేశాం

మా ఊరికి బస్సు రాకపోవడం కన్నా గొప్ప అదృష్టం ఇంకోటి లేదు. నవ్వకండి! అన్నీ ఇప్పుడే వచ్చేస్తే 2050లో ఏం చూసి మురవాలి?

మాది ఖానాపూర్ దగ్గర, వాగు దాటి పోవాల్సిన పల్లె. నిరుటి వానలకు వాగు మీది పైపుల కల్వర్టు కొట్టుకుపోయింది, బస్సు బందయింది. కల్వర్టు కట్టండి మహాప్రభో అంటుంటే, దానికంటే గొప్పది వచ్చింది. ప్లాన్! రాష్ట్రమంతటికీ పాతికేళ్ల రవాణా ప్లాన్! మా అభిప్రాయం కనుక్కోవడానికి మొన్న ఇద్దరు ఆఫీసరు సార్లు ఎండిన వాగు ఇసుకలో జీపు ఎగిరెగిరి పడుతుండగా వచ్చి, పంచాయతీ ఆఫీసులో టేబుల్ నిండా పటం పరిచారు.

అబ్బబ్బ, ఏం పటమండీ! ఎర్ర గీత రైలు, నీలం గీత ఎనిమిది లైన్ల రోడ్డు, గోదావరిలో పడవలు! మా ఊరొక్కటే కనిపించలేదు. రైలు గీత కింద పడిపోయిందట. ఇంతకన్నా భాగ్యమేముంది?

పటం పైన ‘మల్టీమోడల్ ప్లాన్’ అని రాసుంటే, మల్టీమోడల్ అంటే ఏంటని అడిగాను. ఒకటి దిగి ఇంకొకటి ఎక్కుతూ సాఫీగా ఊరు చేరడమట. ఓస్, ఇంతేనా! మా రెండేళ్ల పాప హర్షిణికి మబ్బు పట్టిందంటే ఛాతీలో పిల్లికూతలు మొదలు. నిర్మల్ ఆస్పత్రికి తీసుకుపోయి, మాస్కు పెట్టి మందు ఆవిరి పట్టించాలి. వాగు దాకా నా చంక, వాగులో మా బావ భూమన్న భుజం, గట్టెక్కాక ఆటో, ఖానాపూర్‌లో బస్సు. నాలుగు మోడ్లు! అంబులెన్స్ కూడా రోడ్డు వైపు గట్టు మీదే మర్యాదగా ఆగిపోతుంది, మా పద్ధతి చెడగొట్టకుండా.

"సార్, నా భుజం సుత గా పటంల గియ్యుండ్రి. డీజిల్ అడగదు" అన్నాడు మా బావ.

ఇక నిధులంటారా? కేంద్రం సగం, రాష్ట్రం సగం, ప్రైవేటు వాళ్లు సగం! మూడు సగాలు! రోడ్డు అడిగితే రోడ్డున్నర వస్తుందన్నమాట!

ఇది విని మా పక్కింటి దేవవ్వ ఆగలేకపోయింది. మా వైపు బస్సు ఆగీ ఆగకముందే కిటికీలోంచి దస్తీ, అదే చేతిరుమాలు, వేసి సీటు పడతాం. దస్తీ పడ్డ సీట్లో ఎంతటివాడైనా కూర్చోడు. దేవవ్వ బొడ్లోంచి దస్తీ తీసి ఎర్ర గీత మీద పరిచేసింది.

"కిటికీ పక్క సీటు నాది. ఎవలన్న కూసుంటే మంచిగుండది!"

"అవ్వా, గా రైలు 2050ల వస్తది" అన్నాడు చిన్న సారు.

"రానీ కొడుకా. అప్పుడు నాతోని ఉరుకుడు కాదు. గందుకే ముందుగాల ఏసుకుంటున్న."

ఇంకేం! పటం మీద దస్తీలే దస్తీలు! తువ్వాళ్లు, గొడుగు, ఎవరిదో చెప్పు! నేనూ హర్షిణి టోపీ పెట్టాను. అప్పటికి దానికి ఫుల్ టికెట్టే పడుతుంది, పడనీండి!

ఆ సందట్లోనే అడిగేశాను. "సార్, రైలు మంచిగున్నది. గా వాగుల పైపులు ఎప్పుడేస్తరు? నిరుడు వాగు మా బావ మెడ దాక వచ్చింది. గట్టు మీదనే కూసున్నం. పిల్ల పెదవులు నీలమైనయి. మల్ల వానలొస్తున్నయి సార్."

పెద్ద సారు జాలిగా చూశారు. "అది మరీ చిన్న పనమ్మా. ఇంత పెద్ద ప్లాన్‌లో పట్టదు."

అప్పుడు తెలిసింది, తప్పంతా మాదే! చిన్నది అడిగితే ఎవరిస్తారు?

"అయితే మా ఊరికి ఎయిర్‌పోర్టు రాసుకోండ్రి సార్" అన్నాను. సంతోషంగా రాసుకున్నారు.

ఎయిర్‌పోర్టు అన్నాక శంకుస్థాపన ఉండాలి కదా? పెద్దవాళ్లు రావాలి కదా? వాళ్ల కార్లు మా వాగులో దిగవు. కాబట్టి ముందురోజే పైపులు పడి తీరతాయి! విమానాలు మీరే ఎక్కండి, నాకొద్దు. ఆ రాయి మాత్రం వానలకు ముందే వేయించండి. వాళ్లు కొబ్బరికాయ కొడుతుంటే, నేను పిల్లనెత్తుకుని వాగు దాటేస్తాను.