గుమ్మటం కింద పది కోట్ల డిగ్రీలు

సంతకాల దొరలారా, ఈ గోలంతా మీ చేతి చలవే! బల్ల మీదికొచ్చిన కాగితాన్ని ఊరికే పంపిస్తే ఉద్యోగం చేసినట్టుండదని, ప్రతివాడూ తన వంతుగా ఒక జాగ్రత్త వాక్యం గీకి గానీ పక్క బల్లకు నెట్టకూడదని రూలు పెట్టుకున్నది మీరే. ఆ రూలుకు దొరికిపోయింది చుక్కలత్త. అందుకే ఈ కథ మీ మొహం మీదే చెప్పాలి.

ఆ ఉదయం చుక్కలత్త వేసుకున్న పథకం ఆవగింజంత. నక్షత్రశాలలో ఇరవయ్యేడేళ్లుగా తను నడిపిన చుక్కల యంత్రానికి అద్దాలు తుడవాలి. పదకొండుకు ఆట వెయ్యాలి. సాయంత్రం పదవీ విరమణ చేసి ఇంటికి పోవాలి. మర్నాడు యంత్రమూ గోదాముకు పోతుంది. దాని చోట, మనిషి అక్కర్లేకుండా తనంతట తానే వాగే కొత్తది వస్తుంది. ఇన్నేళ్లూ ఎవరో రాసిచ్చిన మాటలే చదివింది గానీ, ఈ చివరి ఆటను మాత్రం ఏడు నెలలు కూర్చుని తనే అల్లుకుంది. మన సూర్యుడి లాంటి నక్షత్రం ముసలిదయ్యాక దాని కడుపులో జరిగే కథ అది. ఒక్కసారి, ఒకే ఒక్కసారి జనం ముందు వేస్తే చాలు.

అంతకు ముందే పెట్టుకున్న అనుమతి ఫారంలో ‘ఏమి జరుగును?’ అన్న గడిలో ‘హీలియం ఒక్కసారిగా అంటుకొనును’ అని రాసింది. ‘ఎక్కడ?’ అంటే ‘గుమ్మటం కింద’. ‘ఇతర వివరాలు’ అంటే ‘వేడి పది కోట్ల డిగ్రీలు’. అన్నీ నిజాలే. కొంప ముంచినవీ అవే.

మొదటి బల్ల ‘రెండు ఇసుక బకెట్లు ఉంచవలెను’ అని రాసింది. రెండో బల్ల ఫైరింజనొకటి చేర్చింది. మూడో బల్లకు హీలియం అనగానే బెలూన్లు గుర్తొచ్చాయి. వాటిని అమ్మేవాళ్లను దూరంగా తరమమంది. నాలుగో బల్ల రెండు వీధులు ఖాళీ చేయించమంది. చివరి బల్ల మేనేజరుది. ఆయన ఏదీ చదవడు. ‘పై అన్నిటినీ రెండింతలు చేయవలెను’ అని రాసి సంతకం పెడతాడు. అది ఆయన అలవాటు.

పది గంటలకల్లా నాలుగు వీధులు నిద్రపోయినట్టయ్యాయి. మంగలి దుకాణంలోంచి సగం గడ్డంతో ఒకాయన పరుగెత్తాడు. ఆరేసిన దుప్పట్లు ఎవరూ లేని గాలిలో మెల్లగా ఊగుతున్నాయి. ఎక్కడో ఒక ఇంట్లో గోడగడియారం కొట్టుకోవడం వీధి మొదటిదాకా వినిపిస్తోంది.

టికెట్ల గుమాస్తా రొప్పుతూ వచ్చాడు. “అత్తా, కొంప మునిగింది! ఒక్క టికెట్టూ తెగలేదు. నువ్వేదో తగలబెడుతున్నావట!”

“నేనా? అగ్గిపుల్ల గియ్యాలంటేనే నాకు భయం కదరా!”

చుక్కలత్త మేనేజరుకు ఫోను చేసింది. ఆయన అయిదో వీధిలో ఉన్నాడు.

“ఆ మంటేదో కాస్త తగ్గించి వెయ్యకూడదూ? పది కోట్లెందుకమ్మా, ఓ యాభై డిగ్రీలు చాలవూ?”

“అది నక్షత్రం కడుపులో అండీ. ఇక్కడ ఉత్త బొమ్మే.”

“బొమ్మైతే మరీ ప్రమాదం. తొందరగా అంటుకుంటుంది.”

“అయితే ఆట ఆపెయ్యమంటారా?”

“ఎలా ఆపుతాం? అనుమతి ఇచ్చేశాంగా! ఆట జరగాలి. జనం ఉండకూడదు.”

చుక్కలత్త కడుపులో ఏడు నెలలు భగ్గుమన్నాయి. పైకి మాత్రం “సరేనండి” అంది. నివురుగప్పిన నిప్పే; ఆ క్షణంలో ఆవిణ్ణి చూసినా లోపలి మంట ఎవరికీ తెలిసేది కాదు.

సరిగ్గా పదకొండుకు టోపీలు పెట్టుకుని, గొట్టాలు భుజాన వేసుకుని పద్నాలుగు మంది ఫైరువాళ్లు లోపలికొచ్చారు.

“మంటెక్కడమ్మా?” అన్నాడు ఫైరాఫీసరు.

“వస్తుందండీ. కాస్త వెనక్కి వాలి కూర్చోండి.”

దీపాలారాయి. నెత్తిన ఆకాశం విచ్చుకుంది. గుమ్మటం ఉందన్న సంగతే మరిచిపోయేంత లోతుగా చుక్కలు పరుచుకున్నాయి. మధ్యలో ఒక ముసలి నక్షత్రం ఎర్రగా, బద్ధకంగా, కునికిపాట్లు పడుతున్నట్టు వేలాడుతోంది. చీకట్లోంచి చుక్కలత్త గొంతు వచ్చింది.

“పైకి ఉబ్బిపోయింది చూడండి. కడుపులో మాత్రం హీలియం కుక్కి కుక్కి బిగుసుకుపోయింది. ఏదైనా వేడెక్కితే ఉబ్బుతుంది, ఉబ్బితే చల్లబడుతుంది. ఇంత బిగువులో ఇది ఉబ్బలేదు. వేడి మీద వేడి ఎక్కుతూనే ఉంటుంది. పది కోట్ల డిగ్రీలు తగిలేసరికి...”

పద్నాలుగు గొట్టాలు పైకి లేచాయి. ఆఫీసరు దగ్గాడు. నక్షత్రం అలాగే వేలాడుతోంది.

“ఎప్పుడంటుకుంటుందమ్మా?”

“అంటుకోవడం అయిపోయింది నాయనా. ఇందాక మీరు దగ్గారే, అప్పుడే.”

“మాకేం కనబళ్లేదే!”

“ఎవరికీ కనబడదు. ఆ కాసేపట్లో పాలపుంతంత వెలుగు పుడుతుంది. అదంతా లోపలి బిగువు విప్పుకోవడానికే సరిపోతుంది. బయటికి మిణుగురంత కూడా రాదు. ఆ తరవాత నక్షత్రం కాస్త చిన్నదై, కాస్త మసకబారి, నెమ్మదిగా కాలుతూ కూచుంటుంది.”

“మా ఆవిడే నయం, పైకే పేలుతుంది” అన్నాడెవరో చీకట్లో. అందరూ నవ్వారు. ఆఫీసరు నవ్వలేదు. టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

“ఎన్నాళ్లు కాలుతుందండీ అలా?”

“దగ్గర దగ్గర పది కోట్ల ఏళ్లు.”

“రేపు మా పిల్లల్ని తీసుకొస్తాను.”

“రేపు యంత్రం గోదాముకు, నేను ఇంటికి.”

ఆఫీసరు మళ్లీ పైకి చూశాడు. తరవాత కలం తీశాడు. “మాకూ ఒక రూలుందమ్మా. మంట పూర్తిగా ఆరేదాకా కాపలా మనిషి కదలకూడదు. అంటుకున్న సామాను అంగుళం జరపకూడదు.”

‘మంట అంటుకున్న మాట నిజము. అదుపులో ఉన్నది. ఆరుటకు పది కోట్ల సంవత్సరములు పట్టును. అంతవరకు యంత్రమును, దానికి కాపలాగా ఉన్న నడుపు మనిషిని కదల్చరాదు’ అని రిపోర్టు రాసిచ్చాడు. అది బల్లలన్నీ దాటింది. ఒక బల్ల కాపలా మనిషి కుర్చీకి దిండు చేర్చింది. చివర్న మేనేజరు చదవకుండా అన్నిటినీ రెండింతలు చేసి సంతకం పెట్టాడు.

కాబట్టి దొరలారా, ఇప్పుడు నాలిక మడతెయ్యకండి. సంతకం మీది, ముద్ర మీది. ఆ గోదాము లారీని వెనక్కి పంపండి. వీధుల్లోకి జనాన్ని రానివ్వండి. చుక్కలత్తకు రావలసిన రెండు దిళ్లూ ఈ పూటే పంపండి.

ఇరవై కోట్ల ఏళ్లలో ఒక రోజు అప్పుడే అయిపోయింది.