అభ్యంతరం లేని టైర్లు

ఆ శనివారం పొద్దున స్టఫాన్ వేసుకున్న పథకం చాలా చిన్నది. కాఫీ తాగాలి, చెత్తబుట్ట బయట పెట్టాలి, టైర్ల దుకాణానికి ఫోన్ చేసి తన పెద్ద కారుకు నాలుగు చలికాలపు టైర్లు చెప్పాలి. పాతవి అరిగి అరిగి బోడిగుండులా తయారయ్యాయి. ఏవి కొనాలన్న విషయంలో అతను అప్పటికే పండితుడు. ఆకులు రాలడం మొదలైనప్పటి నుంచీ రోజూ టైర్ల పరీక్షా ఫలితాలు చదువుతున్నాడు. ఖరీదైనవి కొనడానికి చెయ్యి రాదు, మరీ చవకవి కొనడానికి ధైర్యం చాలదు. చివరికి నడిమి రకం ఒకటి ఎంచుకున్నాడు.

"క్రిస్మస్ కచేరీకి కొండ మీది చర్చికి ఎక్కాలి, మర్చిపోకు," అంది అతని భార్య మారిట్. "ఇన్నేళ్ళూ వెనక వరుసలో నిలబడి గుంపులో గోవిందా అన్నాను. మొదటిసారి ఒక్కదాన్నే పాడబోతున్నాను. నువ్వు ముందు బెంచీలో కూర్చోవాలి. నిన్ను చూస్తేనే నాకు గొంతు పెగులుతుంది."

"ఈ పూటే తేల్చేస్తాను," అన్నాడు స్టఫాన్. భార్య అలా అడగడం అతనికి గర్వంగానే ఉంది. పెళ్ళయ్యాక తన మొహం వల్ల ఉపయోగం ఉందని ఆమె చెప్పడం అదే మొదలు.

చెత్తబుట్టతో బయటికి వెళ్ళడమే పొరపాటైంది. పక్కింటి రూనె తన ముసలి కుక్కతో ఎదురుపడ్డాడు. ఏమిటి విశేషాలని అడిగితే టైర్ల సంగతి చెప్పాడు స్టఫాన్. అంతటితో ఊరుకోవచ్చు. కానీ మా సుండ్స్‌వల్ ఊరి మర్యాద ఒకటి ఏడిసింది కదా. "మీకూ ఏమైనా కావాలా?" అని అడిగాడు. అవతలివాడు వద్దనాలి, ఇవతలివాడు సరేననాలి, అదీ పద్ధతి.

"అడిగావు కనక చెబుతున్నానయ్యా, కావాలి," అన్నాడు రూనె. "గున్‌వర్‌నీ అడుగుదాం. కలిసి కొంటే చవగ్గా వస్తాయి."

గున్‌వర్ మా వీధి సంఘానికి అధ్యక్షురాలు. ఎవరింట్లో పిల్లి ఈనినా మీటింగు పెట్టగల మనిషి. టైర్ల మాట చెవిన పడగానే కాఫీ పెట్టి, దాల్చినచెక్క బన్నులు చేసి వీధినంతా పిలిచింది. వీధిలో ఉన్నవన్నీ ఒకే రకం చిన్న కార్లు. ఒకరు కొన్నది చూసి ఇంకొకరు అదే కొనడం మా ఆనవాయితీ. అందరికంటే భిన్నంగా కనబడితే గొప్పలు పోతున్నాడంటారని భయం. ఇద్దరు పిల్లలూ వాళ్ళ స్కీలూ పట్టక పెద్ద కారు కొన్నవాడు స్టఫాన్ ఒక్కడే. ఆ కారు కొన్న ఏడాది పొడుగునా అతను కనబడిన ప్రతివాడికీ సంజాయిషీ చెప్పుకున్నాడు.

మొదటి మీటింగులో మేకులున్న టైర్లా, లేనివా అన్న చర్చే తెమల్లేదు. మేకులుంటే చప్పుడు, లేకపోతే మంచు మీద జారుడు. అందరూ మాట్లాడాలి, ఒకరిని ఒకరు కాదనకూడదు, చివరికి అందరూ ఒకటే అనాలి. బన్నులైపోయాయి గానీ ఏకాభిప్రాయం కుదరలేదు. రెండో మీటింగులో మేకులు నెగ్గాయి. మూడోదానికి గున్‌వర్ దుకాణంవాడితో ఫోన్‌లో మాట్లాడి వచ్చింది.

"అందరూ ఒకే సైజు తీసుకుంటే చక్రాలతో సహా సగానికి సగం తగ్గిస్తాడట," అంది. "మన కార్లన్నీ ఒకటే కదా. ఎవరికైనా అభ్యంతరమా?"

స్టఫాన్ నోరు తెరిచాడు. నా కారుకు ఆ సైజు పట్టదని ఒక్క ముక్క చెబితే చాలు. కానీ అందరి మొహాలూ వెలిగిపోతున్నాయి. ఈ పుణ్యం నీదేనయ్యా అని రూనె భుజం తడుతున్నాడు. తానొక్కడు కాదంటే చవక బేరం పోతుంది, మళ్ళీ మీటింగు, మళ్ళీ బన్నులు. తెరిచిన నోట్లో ఒక బన్ను పెట్టుకున్నాడు. మొహమాటానికి పోతే ఏమవుతుందో మన పెద్దలు చెప్పనే చెప్పారు, నలుగురిలో అనే మాట కాదు గానీ.

తనకు కావలసినవి విడిగా, చప్పుడు కాకుండా తెప్పించుకుందామనుకున్నాడు. గరాజులోకి వెళ్ళి తలుపేసుకుని దుకాణానికి ఫోన్ చేశాడు. అప్పటికే మొదటి మంచు పడింది. ఊరు ఊరంతా దుకాణం మీద పడింది. "ఆ సైజు కొత్త సంవత్సరం దాటాకే," అన్నాడు దుకాణంవాడు. స్టఫాన్ గుసగుసగా బతిమాలాడు. ఇంకో దుకాణానికి చేశాడు, దాన్నీ బతిమాలాడు. కిటికీలోంచి చూసిన రూనెకు ఇది ఇంకోలా అర్థమైంది.

"పాపం, మనకోసం ఇంకా తగ్గించమని బేరమాడుతున్నాడు," అని వీధంతా చెప్పొచ్చాడు. మర్నాడు గున్‌వర్ కేకు పట్టుకొచ్చింది. అది తింటూ నిజం చెప్పడం ఏం బాగుంటుందని స్టఫాన్ చెప్పలేదు.

సరుకు వచ్చింది. వీధిలో ప్రతి ఇంటి ముందూ నిగనిగలాడే నాలుగేసి చక్రాలు దిగాయి, స్టఫాన్ గరాజులోనూ నాలుగు దిగాయి. అంగట్లో అన్నీ ఉన్నాయి, అల్లుడి నోట్లో శని ఉంది. మారిట్ వాటిని చూసి భర్తను కావలించుకుంది.

"వచ్చేశాయా? నాకు రాత్రిళ్ళు నిద్ర పట్టట్లేదు తెలుసా, ఎలా వెళ్తామా అని."

"వచ్చాయి," అన్నాడు స్టఫాన్. అబద్ధం కాదు, వచ్చాయి. ఆమె వంటింట్లోకి వెళ్ళి గొంతెత్తి సాధన చేసుకుంటుంటే, అతను గరాజులో ఆ చక్రాల మధ్య కూర్చుని తనను తాను తిట్టుకున్నాడు. ఇంత పిరికివాణ్ణి కన్న తల్లిని కూడా ఒక మాట అనబోయి, ఆవిడా ఎవరికీ ఎప్పుడూ వద్దని చెప్పలేదని గుర్తొచ్చి వదిలేశాడు.

కచేరీ ముందురోజు సాయంత్రం స్టఫాన్ ఇంటి గంట మోగింది. తలుపు తీస్తే జాకీలతో, పానాలతో, కాఫీ ఫ్లాస్కులతో వీధంతా నిలబడి ఉంది.

"అందరి కార్లకీ టైర్లు తెప్పించావు, నీ కారు మాత్రం ఇంకా వేసవి టైర్ల మీదే ఉంది," అంది గున్‌వర్. "ఇంత నిస్వార్థం పనికిరాదు. నువ్వు కాఫీ తాగుతూ నిలబడు, మేం బిగిస్తాం."

"అబ్బే, నేను చూసుకుంటాను లెండి."

"మొహమాటపడకు."

పడకు అన్నంత మాత్రాన పడకుండా ఉంటాడా. కాఫీ కప్పు పుచ్చుకుని నిలబడ్డాడు. కారు లేచింది, పాత చక్రం ఊడింది. రూనె కొత్త చక్రం ఎత్తి పెట్టాడు. పెద్దాయన కాలికి పసివాడి చెప్పు తొడిగినట్టుంది. బోల్టుల రంధ్రాలు ఒక్కటీ కలవలేదు. తిప్పి పెట్టాడు. ఇంకో చక్రం తెచ్చాడు. అందరూ తలో చెయ్యీ వేసి నాలుగింటినీ ప్రయత్నించారు. చివరికి గుమ్మంలోంచి చూస్తున్న మారిటే అడిగింది.

"ఇవి మన కారుకు పట్టవని నీకు తెలుసా?"

"తెలుసు."

"ఎప్పటి నుంచి?"

"మూడో మీటింగు నుంచి."

"మరి నోరు విప్పి చెప్పొచ్చు కదా."

"అందరూ ఒప్పుకున్నారు..." అన్నాడు స్టఫాన్. ఆమె కళ్ళలో నీళ్ళు చూసి అతనికి కాళ్ళ కింద మంచు చీలిపోతే బాగుండుననిపించింది. టైర్ల గురించి అంత చదివినవాడు, భార్య అడిగిన ఒక్క పనీ చెయ్యలేకపోయాడు.

అక్కడికక్కడే, మంచులోనే మీటింగు మొదలైంది. మారిట్‌ను ఎలాగైనా కొండ ఎక్కించాలి, అందులో రెండో మాట లేదు. అసలు వీధంతా వెళ్ళి పాట విందామన్నారు. మారిట్, పిల్లలు మొదటి కారులో. గున్‌వర్ రెండో దాంట్లో. సీట్లు లెక్క వేస్తే ఒకటి తక్కువైంది. పైగా రూనె కుక్కకు ఒంటరిగా ఉంటే ఏడుపు, ఎవరో ఒకరు దాని దగ్గర ఉండాలి.

"స్టఫాన్ ఉంటే సరిపోతుంది," అన్నాడు రూనె నెమ్మదిగా. "ఎలాగూ వాడి దగ్గర టైర్లు లేవు కదా."

"ఎవరికైనా అభ్యంతరమా?" అంది గున్‌వర్.

అందరూ చేతులెత్తి సరేనన్నారు. అలవాటు కొద్దీ స్టఫాన్ కూడా ఎత్తాడు. మారిట్ ఆ చేతి వైపు చూసి లోపలికి వెళ్ళిపోయింది.

మర్నాడు మా కార్లన్నీ బారులు తీరి, మేకులు టకటకలాడుతుంటే కొండ వైపు వెళ్ళిపోయాయి. స్టఫాన్ వీధంతా మంచు తవ్వాడు, ఎవరూ అడక్కపోయినా. కుక్క వంటింట్లో అతని పాదాల మీద తల పెట్టుకుని పడుకుంది. కచేరీ వేళకు గడియారం చూశాడు. ఇప్పుడు నిలబడి ఉంటుంది, ముందు బెంచీ వైపు చూసి ఉంటుంది అనుకున్నాడు.

చీకటి పడ్డాక మారిట్ వచ్చింది. పిల్లలు మేడ మీదికి పోయారు. ఆమె బుగ్గలు ఎర్రగా ఉన్నాయి, చలికి మాత్రమే కాదు.

"ఎలా పాడావు?"

"ముందు బెంచీలో రూనె కూర్చున్నాడు. నోరు తెరుచుకుని చూస్తున్నాడు. ఆయన్నే చూసి పాడాను. బాగానే వచ్చింది."

"లోకమంతా విన్నది, నేనొక్కణ్ణే వినలేదు," అన్నాడు స్టఫాన్. "తప్పు నాదే మారిట్. ఒక్క వద్దు చెప్పలేక నీ రోజు పోగొట్టుకున్నాను."

ఆమె కోటు విప్పి కుర్చీ మీద వేసింది. "కూర్చో," అంది. పొయ్యి దగ్గర నిటారుగా నిలబడి మొదలుపెట్టింది. చిన్న గొంతే, కానీ ఆ వంటిల్లు నిండిపోయింది. మొదటి చరణం అయ్యేసరికి స్టఫాన్ కళ్ళు తుడుచుకుంటున్నాడు. ఆమె ఊపిరి తీసుకుంది. ఇంతలో గంట మోగింది.

గుమ్మంలో గున్‌వర్, వెనకాల రూనె, ఆ వెనక మేమంతా.

"దారిలో అనుకున్నాం," అంది గున్‌వర్. "నీ నాలుగు చక్రాలూ అమ్మిపెట్టాలి, నీ సైజువి వెతకాలి. దానికొక కమిటీ వేశాం. ఎవరికైనా అభ్యంతరమా?"

స్టఫాన్ పుట్టి బుద్ధెరిగాక మొట్టమొదటిసారి గట్టిగా అన్నాడు. "నాకుంది."

ఆ మాట మా వీధిలో ఎవరూ విని ఉండలేదు. మారిట్ మొహం విప్పారింది. రూనె గొంతు సవరించుకుని, బూట్లు విప్పి, లోపలికొచ్చి కుర్చీ లాక్కున్నాడు.

"అభ్యంతరమంటే మరి కూర్చుని చర్చించాలి కదయ్యా," అన్నాడు. "కాఫీ ఉందా?"

మారిట్ కాఫీ పెట్టింది. ఆ పాటకు రెండో చరణం ఎలా ఉంటుందో స్టఫాన్‌కు ఇప్పటికీ తెలియదు.