గగన సేవకు తగిన లాగుడు బండి

సరిహద్దు గగన సేవా సమితి తన విమానానికి లాగుడు బండిని ఎంపిక చేసే పని దిగ్విజయంగా పూర్తి చేసిందని ప్రజలకు తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. విమానం ఎగురుతోందా అని మాత్రం దయచేసి అడగవద్దు. అది వేరే విభాగం.

తెలియనివారి కోసం నాలుగు ముక్కలు. బస్తర్ దక్షిణపు కొసన, ఎర్రబోరుకు కాస్త అవతల, హైవే పక్కన, సమితికి ఒక మట్టి రన్‌వే, ఒక రేకుల షెడ్డు, నలుగురు పట్టే ఒక చిన్న విమానం ఉన్నాయి. చింతలనార్, పామేడు వైపు రోడ్డు మొహం చూడని ఊళ్ళ నుంచి మంచాల మీద మోసుకొచ్చే రోగులను జగదల్‌పూర్ పెద్దాసుపత్రికి చేర్చడం దాని పని. అవసరం పడినప్పుడు ఇద్దరు కూలీలు విమానం ముందు చక్రానికి ఒక ఇనుప కడ్డీ తగిలించి దాన్ని షెడ్డులోంచి బయటికి లాగేవారు. పైలట్ వినీత రోగిని ఎక్కించుకుని ఎగిరిపోయేది. ఏ హడావిడీ లేకుండా పని ఇలా జరిగిపోతుంటే సమితికి గౌరవం ఎక్కడ మిగులుతుంది?

ఒకనాడు రాజధాని రాయ్‌పూర్ నుంచి వచ్చిన పెద్దమనిషి ఒకరు ఈ దృశ్యం చూసి చాలా నొచ్చుకున్నారు. "ఈ రోజుల్లో విమానాన్ని మనుషులు లాగడమా! విదేశాలవాళ్ళు చూస్తే ఏమనుకుంటారు?" అన్నారు. ఎర్రబోరుకు విదేశాలవాళ్ళు ఎప్పుడొచ్చారని ఎవరూ అడగలేదు. యంత్రం వచ్చేదాకా విమానం మీద మనిషి చెయ్యి పడకూడదని ఆ సాయంత్రమే ఉత్తర్వు వచ్చింది. విమానం షెడ్డులో కూర్చుంది, ఎంపిక కమిటీ సమావేశంలో కూర్చుంది.

కమిటీ అధ్యక్షులు గవర్రాజు గారు. ఇనుప గనుల్లో భారీ యంత్రాల మధ్య సర్వీసంతా గడిపి, రిటైరై, అక్కడే బచేలిలో స్థిరపడినవారు. ఉన్నది ఒక్క స్కూటరే అయినా, ఇంటి గేటు మాత్రం డంపరు పట్టేంత పెట్టించుకున్న దూరదృష్టి ఆయనది. మిగతా సభ్యులు కూడా ఆయన కింద గనుల్లో పనిచేసినవారే కావడంతో అభిప్రాయ భేదాలకు తావు లేకపోయింది.

వినీత ముందుగా ఒక బ్యాటరీ బండిని తెప్పించి చూపించింది. మోకాలెత్తు ఉంటుంది. పిడి పట్టుకుని ఒక మనిషి నడుస్తూ ఉంటే, అది విమానం ముందు చక్రాన్ని ఒడిలోకి తీసుకుని మెల్లగా కదిలిస్తుంది. "మన విమానం సమితి జీపుకన్నా తేలిక సర్. దీనికి ఇది సరిపోతుంది" అంది.

గవర్రాజు గారు దాని చుట్టూ తిరిగి, బూటుతో ఒకసారి తట్టి చూశారు. "ఏంటమ్మా ఇది, గడ్డి కోసే మిషన్లాగుంది! సీటేదీ దీనికి? ఆఫీసరన్నవాడు దీని వెనకాల నడుచుకుంటా పోవాలా?" అన్నారు. సభ్యులు తగినంత నవ్వారు. సీటు, హారను లేనందునా, ఫోటోలో కనబడే అవకాశం లేనందునా ఆ బండిని తిరస్కరించారు. తరువాత వచ్చిన పెట్రోలు బండికి సీటుంది గానీ ఒక్కటే ఉంది. ప్రారంభోత్సవం నాడు ముఖ్య అతిథి నిలబడాలా అని అడిగి దాన్నీ తిప్పి పంపారు.

ఈ లోగా మంచాలు వస్తూనే ఉన్నాయి. మోసుకొచ్చినవాళ్ళు షెడ్డు ముందు మంచం దించి, తాళం చూసి, మళ్ళీ ఎత్తుకుని పోయేవారు. ప్రజలు చూపిన సహకారానికి సమితి కృతజ్ఞతలు తెలిపింది.

చివరికి ఎక్కడో పెద్ద ఎయిర్‌పోర్టులో మూడొందల మంది ఎక్కే విమానాలను నెట్టి అలసిపోయిన ఒక బండి దొరికింది. రెండు సీట్లు, నెత్తిన గొడుగు, తిరిగే పసుపు దీపం. మన విమానంలాంటివి ఎన్నో కలిపితే దాని బరువుకు సరితూగుతాయి. దాన్ని చూడగానే గవర్రాజు గారి కళ్ళు చెమర్చాయి.

"సర్, ముందు చక్రాన్ని దాని కాలి మీదున్న ఈ ఎర్ర గీత దాటి తిప్పకూడదు. చేత్తో లాగితే ఎక్కడ బిగిసిందో చేతికి తెలుస్తుంది. ఈ బండికి తెలియదు. విమానం కాలు విరుగుతుంది" అంది వినీత.

"బండికి బలముండాలమ్మా. గీతల సంగతి విమానం చూసుకుంటుంది" అన్నారు అధ్యక్షులు.

బండి షెడ్డులో పట్టాలంటే విమానం బయటికి రావాలి. అందుకని ఉత్తర్వును ఒక్క పూట సడలించి, కూలీల చేతే విమానాన్ని బయటికి లాగించి, టార్పాలిను కప్పారు. వానకు బండి తడిస్తే పాడవుతుంది కదా.

ప్రారంభోత్సవానికి ఒక రోగి కూడా ఉంటే నిండుగా ఉంటుందని సమితి భావించింది. రోగి దొరికింది. చింతలనార్ అవతలి ఊరి దోర్ల తెగ పిల్ల ఇర్మె. కడుపులో బిడ్డ అడ్డం తిరిగిందనీ, వెంటనే ఆపరేషన్ చేయకపోతే ఇద్దరూ దక్కరనీ ఆరోగ్య కేంద్రంలో చెప్పారు. భర్త భీమా, ఇంకో ముగ్గురు మంచం మోసుకొచ్చారు. ఇర్మెతో మిరప చేలకు కూలికెళ్ళే వెంకమ్మ, తెలుగూ హిందీ వచ్చిన మనిషి కనుక, తోడొచ్చింది. వాళ్ళు వచ్చేసరికి ఇంకా ఎండ ఎక్కలేదు. వినీత సిద్ధంగా ఉంది. విమానం బయటే ఉంది. రిబ్బను తప్ప వేరే అడ్డంకి లేదు. కానీ బండి లాగకముందే విమానం ఎగిరిపోతే ఇక బండి కొన్నది ఎందుకు?

"ఏంది సారూ, పిల్ల నొప్పులకు ఆగుతలేదు. ఇమానం ఈడ్నే ఉన్నది, నడిపే అమ్మ ఈడ్నే ఉన్నది. ఇంక దేనికి ఆపుతున్నరు?" అంది వెంకమ్మ.

"కాసేపు ఓపిక పట్టమ్మా. ముఖ్య అతిథి గారి చేతుల మీదుగా పంపిస్తే మీకే గౌరవం కదా" అన్నారు గవర్రాజు గారు. వినీత గట్టిగానే పోట్లాడింది. ఫోటోకి నిలబడేటప్పుడు మొహం అలా పెట్టవద్దని ఆమెకు సూచించారు.

ముఖ్య అతిథి మిట్ట మధ్యాహ్నానికి విచ్చేశారు. బండి టైర్ల కింద నిమ్మకాయలు పెట్టారు, కొబ్బరికాయ కొట్టారు. ఆయన హిందీలో సెలవిచ్చారు: "ఈ బండి లాగేది విమానాన్ని కాదు సోదరులారా, యావత్ బస్తర్‌ను అభివృద్ధి వైపు లాగుతోంది!" షామియానా వెనక ఇర్మె అరుస్తోంది. మైకు మంచిది కావడం వల్ల ఉపన్యాసానికి అంతరాయం కలగలేదు.

తరువాత బండిని విమానం ముందు చక్రానికి తగిలించారు. గవర్రాజు గారు స్వయంగా దాన్ని ఎక్కారు. పక్క సీటులో ముఖ్య అతిథి. విమానం తోక వేదిక వైపు ఉండడం మర్యాద కాదని తోచి, గనిలో మలుపు తిప్పినట్టు ఒక్క తిప్పు తిప్పారు. చక్రం ఎర్ర గీత దాటింది. విమానం ముందు కాలు ఫట్టుమని విరిగింది. ముక్కు నేలకు ఆనింది. మైకు దగ్గరున్నవాడు వెంటనే అందుకుని, "ముఖ్య అతిథి గారికి విమానం వంగి నమస్కారం చేస్తోంది!" అని ప్రకటించాడు. చప్పట్లు మారుమోగాయి.

వెంకమ్మ జనాన్ని తోసుకుంటూ బండి దాకా వచ్చింది. "సారూ, అంబులెన్సన్న ఇప్పియ్యిండ్రి. మీ కాళ్ళు మొక్కుత."

అంబులెన్సు ముఖ్య అతిథి కాన్వాయ్‌లో ఉంది. దారిలో ఆయనకు ఏమైనా అయితే? కాన్వాయ్ కోసం హైవే మీద ట్రాక్టర్లు, ఆటోలు, లారీలు అన్నిటినీ ఆపేశారు. మంచం వాహనం కాదు కాబట్టి దాన్ని ఆపలేదు. నలుగురూ ఇర్మెను ఎత్తుకుని, రోడ్డున దగ్గరైన భద్రాచలం ఆసుపత్రి దారి పట్టారు. దారిలోని కోంటా చేరకముందే బిడ్డ పోయింది. ఆ తరువాత ఎవరో లారీ అతను ఎక్కించుకోబట్టి ఇర్మె ఆసుపత్రిలో బతికి బయటపడింది.

కమిటీ మళ్ళీ సమావేశమైంది. తప్పు విమానానిదేననీ, బండి బలానికి అది తగదనీ తేల్చింది. బండికి తగిన విమానాన్ని ఎంపిక చేసే బాధ్యతను అనుభవజ్ఞులైన గవర్రాజు గారికే అప్పగించింది. సిగ్గుపడే విభాగం సమితిలో లేదు.

విమానం నమస్కారం చేసిన వీడియో మీకూ వచ్చే ఉంటుంది. లక్షల మంది చూశారు. అందులో ఎడమవైపు మూలన నలుగురు మనుషులు వంగి ఒక మంచం ఎత్తుతూ కనిపిస్తారు. మీకు వచ్చినదాంట్లో ఆ మూల లేకపోతే ఆశ్చర్యం లేదు. నవ్వుకి అడ్డంగా ఉందని, ముందుకు పంపేవాళ్ళు దాన్ని కత్తిరించి పంపుతున్నారు.