నోవై మంచులో మూడు వందల గుర్రాలు

మిషిగన్‌లో ఉంటూ ఇంకా స్పోర్ట్స్ కారు కొనని తెలుగువాళ్ళని చూస్తే నాకు జాలేస్తుంది!

అవును, చలికాలం గురించే మాట్లాడుతున్నాను. ఎండల్లో స్పోర్ట్స్ కారు ఎవడైనా నడుపుతాడు. జనవరిలో, మన నోవైలో, టెన్ మైల్ రోడ్డు మీద నడపాలి. వెనక చక్రాలు మాత్రమే లాగే కారు కావాలి. రెండే సీట్లుండాలి. నేలకి జానెడెత్తున ఉండాలి. ఎర్రగా ఉంటే మరీ మంచిది, మంచులో కూరుకుపోయినా కనపడుతుంది.

మన సంఘం పత్రికలో ఇదేం గోల అని పేజీ తిప్పేయకండి. ఇరవై రెండేళ్ళుగా ఈ ఊళ్ళో బ్రేకులు డిజైన్ చేస్తున్న ఇంజనీర్ని నేను. కారు ఎలా ఆగాలో నాకు బాగా తెలుసు. అసలు కదలకపోవడంలో ఉన్న సుఖం మాత్రం ఈ చలికాలమే తెలిసింది.

నవంబర్లో గుడి పార్కింగ్ లాట్‌లో వాహన పూజ చేయించాను. పూజారిగారు పంచె మీద పెద్ద జాకెట్ తొడుక్కుని వచ్చి, బానెట్‌కి బొట్టు పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. మంత్రాలు ముగిసేసరికి కింద ఐసు కట్టేసింది, నిమ్మకాయలు రాళ్ళయిపోయాయి. నేను గేరు వేసి యాక్సిలరేటర్ తొక్కాను. చక్రాలు గిర్రున తిరిగాయి. కారు కదిలితే ఒట్టు! మూడు వందల హార్స్ పవర్ అని అమ్మినవాడు చెప్పాడు. అన్ని గుర్రాలూ కలిసి ఒక్క నిమ్మకాయని తొక్కలేకపోయాయి. నలుగురు భక్తులు వెనకనుంచి తోస్తే గానీ పూజ పూర్తి కాలేదు. నా మిత్రుడు భీమశంకరం మాత్రం తోయలేదు. వీడియో తీశాడు.

భక్తి పెరగడం కూడా లాభమే కదా? డాష్‌బోర్డు మీద జారుతున్న కారు బొమ్మ ఒకటి ఉంటుంది, చక్రం పట్టు తప్పినప్పుడల్లా పసుప్పచ్చగా వెలుగుతుంది. మీ కార్లలో అది ఏడాదికోసారి కూడా వెలగదు పాపం. నాది నవంబర్ నుంచీ ఆరలేదు. అఖండ దీపం!

ఆఫీసు నాలుగు మైళ్ళు. మంచు పడిన రోజు యాభై నిమిషాలు పడుతుంది. నా వెనక పదిహేను కార్లు హారన్లు కొడుతూ బారులు తీరతాయి. నా పెళ్ళికి కూడా ఇంత ఘనంగా ఊరేగించలేదు.

వెనక బరువుంటే కారు జారదట. అందుకని అమెరికావాళ్ళు డిక్కీలో ఇసుక బస్తాలు వేసుకుంటారు. మనకి ఇసుకెందుకండీ, సోనా మసూరి ఉండగా? ఇరవై పౌండ్ల సంచులు నాలుగు పడేశాను. నడిరోడ్డు మీద ఇరుక్కుపోయినా రెండు నెలలు అన్నానికి లోటు లేదు. ఈ ధీమా మీ ఎస్‌యూవీలో ఉందా?

ఒకరోజు ఇండియన్ స్టోరు ముందే చక్రం దిగబడింది. చక్రం కింద గరుకుగా ఏదైనా పోస్తే పట్టు దొరుకుతుందంటారు. చేతిలో ఇడ్లీ రవ్వ ఉంది, పోశాను. చక్రం తిరిగిన వేడికి మంచు కరిగి, రవ్వ నాని, రోడ్డు మీద ఉప్మా తయారైంది. పోపొక్కటే తక్కువ. స్టోరుకి వచ్చేపోయే మనవాళ్ళందరూ ఆగి చూశారు. "అయ్యో, బొంబాయి రవ్వ పోయాల్సిందండీ" అని సలహా ఇచ్చి వెళ్ళిపోయారు.

కానీ అసలు వరం ఇవేవీ కావు. రెండు సీట్లు!

మీకు మినీవ్యాన్ ఉందా? అయితే మీరు మనిషి కాదు, ఉమ్మడి ఆస్తి. నాకూ పదమూడేళ్ళపాటు ఒకటి ఉండేది. భీమశంకరం మామగారు పరంధామయ్యగారు ఐదుసార్లు అమెరికా వచ్చారు. ఐదుసార్లూ ఆయన్నీ, ఆయన ఆవకాయ డబ్బాలనీ డెట్రాయిట్ ఎయిర్‌పోర్ట్ నుంచి మోసుకొచ్చింది నేనే. వినాయకుడు నా వ్యాన్‌లోనే వచ్చేవాడు, నా వ్యాన్‌లోనే నిమజ్జనానికి వెళ్ళేవాడు. నళినిగారి అమ్మాయి అరంగేట్రానికి నేను తెచ్చిన పులిహోర ట్రేల ఇంగువ వాసన ఆ సీట్లని చివరిదాకా వదల్లేదు. మన అవినాష్ ఈ ఊరికొచ్చిన కొత్తలో డ్రైవింగ్ టెస్ట్ ఇచ్చింది కూడా దాంతోనే, మూడుసార్లు.

ఇప్పుడో? ఫోన్ మోగదు! "అంకుల్, శనివారం ఫ్రీయేనా?" అని తీయగా అడిగేవాడు లేడు. నా రెండో సీట్లో కూర్చోవాలంటే నడుం వంచి, తల దించి, ఇంచుమించు సాష్టాంగపడాలి. పరంధామయ్యగారు ఆ కారు చుట్టూ ఒకసారి తిరిగి, "ఎక్కడం ఎలాగో ఎక్కొచ్చు గానీ బాబూ, దిగడానికి క్రేన్ కావాలి" అన్నారు. నాకు ప్రాణం లేచొచ్చింది.

మా ఆవిడ ఛాయాదేవి ఊళ్ళో లేదు. వాళ్ళక్కయ్యకి రెండు మోకాళ్ళకీ ఆపరేషన్లని సెప్టెంబర్లో కాకినాడ వెళ్ళింది, ఏప్రిల్‌కి గానీ రాదు. ఫోన్లో కారు సంగతి చెప్పాను. ఆవిడ ఒక్కటే అడిగింది. "ఉన్న వ్యాన్ ఎందుకమ్మేశారు? నిజం చెప్పండి."

ఆవిడకి చెప్పలేదు. మీకు చెబుతాను.

అక్టోబర్లో నా కుడికంటి శుక్లానికి ఆపరేషన్ పెట్టుకున్నాను. పావుగంట పని. కానీ మత్తిస్తారు కనక, తర్వాత ఇంటికి ఎవరు తీసుకెళ్తారో ఫారంలో పేరు రాయాలి. టాక్సీ కుదరదు. పేరు లేకపోతే ఆపరేషన్ లేదు. నర్సు ఆ మాట చెబితే నవ్వాను. పేర్లకేం కరువు? నా ఫోన్ నిండా పేర్లే!

భీమశంకరానికి చేశాను. "ఏ డే అండీ? అయ్యో, గురువారమా! పిల్లాడికి స్విమ్ మీట్ ఉందే. ఇంకే రోజైనా అయితే కళ్ళు మూసుకుని వచ్చేవాణ్ణి" అన్నాడు. అవినాష్, "అంకుల్, ఆ వీక్ మా ప్రాజెక్ట్ గో-లైవ్. ఆఫ్ తీసుకోలేను, ఏమీ అనుకోకండి" అన్నాడు. నళినిగారు, అవును, ఈ పత్రిక సంపాదకురాలే, "డేట్ మార్పించుకోలేరా అన్నయ్యగారూ? ఇండియాలో అయితే ఈ రూల్సే ఉండవు" అని నిట్టూర్చారు. ఇంకో తొమ్మిది మందికి చేశాను. అందరూ బాధపడ్డారు. ఒక్క సాయంత్రంలో అంత బాధ నేనెప్పుడూ వినలేదు.

గురువారం పొద్దున్నే ఆపరేషన్ క్యాన్సిల్ చేసుకున్నాను. మర్నాడు వ్యాన్ అమ్మేశాను. సోమవారం ఎర్ర కారు కొన్నాను. సరదాకి కాదు, కోపంతో కొన్నాను. అవమానంతో కొన్నాను. ఇక ఈ జన్మలో ఎవ్వరూ నన్ను రైడ్ అడగకూడదని కొన్నాను.

ఈలోగా కన్ను బాగా ముదిరింది. ఎడమ కన్ను మూసి కిటికీలోంచి చూస్తే మంచు ఎక్కడ ఆగిందో, నా శుక్లం ఎక్కడ మొదలైందో తెలీడం లేదు. ఇంక ఒక్క నెల కూడా ఆగొద్దని డాక్టర్ గట్టిగా చెప్పింది. ఫిబ్రవరి పన్నెండు, బుధవారం ఖాయం చేసింది. మళ్ళీ అదే ఫారం, అదే ఖాళీ.

ఈసారి పేరు రాశాను. లెస్టర్.

లెస్టర్ టో ట్రక్ డ్రైవర్. ఈ చలికాలంలో నా కారుని ఏడుసార్లు మంచులోంచి లాగాడు. అరవై దాటిన మనిషి, మాట తక్కువ. ఫోన్ చేస్తే "ఎక్కడున్నావు?" అంటాడు, వస్తాడు. అంతే. ఏడోసారి లాగినప్పుడు ట్రక్కులో అతని పక్కన కూర్చుని, సిగ్గు విడిచి సంగతంతా చెప్పాను. ఈసారి రావాల్సింది కారు కోసం కాదు, నా కోసం అన్నాను. అతను, "ఏ కన్ను?" అన్నాడు. కుడి అన్నాను. "కిటికీ వైపన్నమాట. మంచు మీద ఎండ పడితే కొడుతుంది, నల్ల కళ్ళద్దాలు తెచ్చుకో" అన్నాడు.

ఇప్పుడు చెప్పండి, స్పోర్ట్స్ కారు వరమా, కాదా? నాలుగు చక్రాలూ లాగే ఆల్ వీల్ డ్రైవ్ కొనుక్కుని ఉంటే నాకు లెస్టర్ ఎక్కడ దొరికేవాడు? మీ అందరి మధ్యా ఇరవై రెండేళ్ళు తిరిగి సంపాదించుకోలేని మనిషిని ఈ దిక్కుమాలిన కారు మూడు నెలల్లో సంపాదించి పెట్టింది!

నిన్న టీవీలో, బుధవారం ఎనిమిది అంగుళాల మంచు పడుతుందన్నారు. వెంటనే లెస్టర్‌కి ఫోన్ చేసి, "అంత మంచులో వస్తావా?" అని అడిగాను.

"మంచు పడితేనే కదా నేను బయటికొచ్చేది" అన్నాడు.

మీరు మాత్రం జాగ్రత్త. ఆ రోజు రోడ్లేం బాగుండవట. ఎవరూ ఇల్లు కదలకండి.