క్లేటన్ కుడి జేబు

ఆగస్టు చివరి శనివారం పొద్దున క్లేటన్ బ్రెమర్ వేసుకున్న పథకం చాలా చిన్నది. మధ్యాహ్నం దాకా గుండ్రటి తుపాకీ, భోజనం తర్వాత పలచటి తుపాకీ జేబులో వేసుకుని తిరగాలి. సాయంత్రం మావిస్ ఓడెల్ తుపాకుల కొట్టుకెళ్ళి, రెంటిలో ఏది కొంటాడో చెప్పెయ్యాలి. వేసవంతా నాన్చింది చాలనీ, ఇవాళ తేల్చెయ్యాలనీ మావిస్ గట్టిగా చెప్పింది. తేలిపోతుందనే ఆయన బెంగంతా. తేలిపోయాక ఏ వంక పెట్టుకుని ఆ కొట్టుకెళ్ళాలి?

డ్రై ఫోర్క్ ఊళ్ళో మనిషి దగ్గర తుపాకీ ఉండటం వింతేమీ కాదు. లేకపోతేనే ఒంట్లో బాగాలేదా అని అడుగుతారు. క్లేటన్‌ది మాత్రం ఊరంతా ఎరిగిన తుపాకీ. తండ్రి ఇచ్చిన పెద్ద పిస్టల్ నడుముకి, అది కనబడకుండా పైన తోలు కోటు. మండుటెండలో కూడా ఆ కోటు తీసేవాడు కాదు. జూలై నాలుగున స్వాతంత్ర్య దినం ఊరేగింపులో, రోడ్డు మీద తారు కరుగుతుంటే, ఆ కోటుతోనే జెండా మోస్తూ దభీమని పడిపోయాడు. ముఖాన నీళ్ళు కొట్టి లేపింది మావిస్.

"కోటు కోసం ప్రాణం తీసుకునేవాణ్ణి నిన్నే చూస్తున్నానయ్యా! ఎండల్లో జేబులో పట్టేది కొనుక్కోలేవూ?" అంది, ఆయన కళ్ళు తెరవగానే.

క్లేటన్ భార్య పోయి అప్పటికి నాలుగేళ్ళు. ఆ నాలుగేళ్ళలో ఆయన్ని అంత శ్రద్ధగా తిట్టినవాళ్ళు లేరు. మర్నాడే కొట్టుకి వెళ్ళాడు. ఇక వెళుతూనే ఉన్నాడు.

మావిస్‌ది గొప్ప పద్ధతి. డబ్బు తీసి బల్ల మీద పెట్టినా సరే, చూసీ చూడగానే ఎవరికీ అమ్మదు. అసలు తుపాకీ కొలతతో, అసలు బరువుతో నీలం ప్లాస్టిక్ బొమ్మలు ఆవిడ దగ్గరుంటాయి. బొమ్మను ఓ చిన్న తోలు ఒరలో పెట్టి, ఆ ఒరను జేబులో దోపి, వంగమంటుంది, కూర్చోమంటుంది, ట్రక్కెక్కి దిగమంటుంది. "నన్నడక్కు, నీ జేబునడుగు" అని పంపించేస్తుంది. ఆవిడ దగ్గర కొన్న తుపాకీని వెనక్కి తెచ్చినవాడు ఆ ఊళ్ళో పుట్టలేదు. బల్ల వెనక నిలబడి ఆవిడ జేబుల గురించి చెబుతుంటే క్లేటన్‌కి చర్చిలో కూర్చున్నట్టే ఉండేది.

ఆ పొద్దున ఆవిడ గుండ్రటి రివాల్వరుదీ, పలచటి పిస్టల్‌దీ రెండు బొమ్మలూ ఇచ్చి, కొత్త నిక్కరులో ఆయన్ని ఎగాదిగా చూసింది.

"కుడి జేబులో ఇది తప్ప ఇంకేమీ ఉండకూడదు. తాళాలు, చిల్లర, చాకు, అన్నీ ఎడమ జేబులోకి. మాటిమాటికీ తడుముకోకు. ఎవరడిగినా చెప్పకు. దాచుకున్నదాన్ని చాటుకుంటే ఇంక దాచడం దేనికి?"

"అలాగే మిస్ మావిస్," అని క్లేటన్ అప్పుడే ఓసారి తడుముకున్నాడు.

కాఫీకని డార్లా హోటల్లో అడుగుపెట్టేసరికి డార్లా చేతిలో కెటిల్ ఆగిపోయింది. క్లేటన్ ఒంటి మీద కోటు లేదు. కోటు లేదంటే పిస్టల్ లేదు. కొత్త చొక్కా, నిక్కరు. తాళాలు ఎడమ జేబులోకి మారాయి. కుడి జేబులో చిన్న డబ్బీలాంటి ఉబ్బు. దాన్ని నిమిషానికోసారి పదిలంగా ఒత్తి చూసుకుంటున్నాడు. ఆ ఊళ్ళో జేబులో తుపాకీ ఉన్నవాడెవడూ దాన్ని తడుముకోడు. అంటే అది తుపాకీ కాదు.

"జేబులో ఏంటోయ్ అది?"

"ఏం లేదే!" అన్నాడు క్లేటన్. ముఖం బీట్‌రూట్ అయిపోయింది.

"ఏం లేకపోతే అంత సిగ్గెందుకూ?"

"నన్నడక్కు తల్లీ. సాయంత్రం మావిస్ కొట్టుకెళ్ళాలి. ఆవిడకే చెప్పాలి."

ఆయన కాఫీ చల్లారకముందే, మావిస్‌కోసం ఉంగరం కొన్నాడన్న కథ ఊరు దాటింది. దారిన పోతున్న క్లేటన్ని మంగలి రెక్క పట్టుకుని లోపలికి లాగి, వద్దంటున్నా ఊరికే గడ్డం గీశాడు. చర్చి పాస్టరు బ్రదర్ హాస్కెల్ ఎదురొచ్చి, నడిరోడ్డు మీద ఆయన భుజాల మీద చేతులేసి, "ప్రభువా, ఈ ముసలి గుండెకి బలమియ్యి" అని ప్రార్థన చేశాడు. ఊరేగింపులో పడిపోయినందుకు జనం ఇంకా జాలిపడుతున్నారనుకుని క్లేటన్‌కి కళ్ళు చెమర్చాయి.

భోజనం కాగానే ట్రక్కులో గుండ్రటిది వదిలేసి, పలచటిది జేబులో వేసుకున్నాడు. ఏం పనితనం! జేబులో ఉందో లేదో కూడా తెలియడం లేదు. అద్దంలో చూసుకుంటే చిన్న ఉబ్బు కూడా లేదు. క్లేటన్ మురిసిపోతూ హోటల్ ముందునుంచి నడిచాడు.

లోపల డార్లా, కాఫీ తాగుతున్న బ్రదర్ హాస్కెల్ వైపు తిరిగి కేకపెట్టింది.

"కొంప మునిగింది బ్రదర్! జేబు ఖాళీ! ఉంగరం ఎక్కడో పారేసుకున్నాడు! పాపం, ఈలలేసుకుంటూ పోతున్నాడు, చూసుకోనేలేదు!"

కాసేపట్లో ఫైరింజను వచ్చింది. ఊళ్ళోవాళ్ళు హోటల్ ముందు కాలవ మూత ఎత్తి గరిటెలతో బురద దేవుతుంటే, తిరిగొస్తున్న క్లేటన్ ఆగాడు.

"ఏం పోయింది?"

ఆయన మనసు కష్టపెట్టడం ఎవరికిష్టం? చివరికి బ్రదర్ హాస్కెల్ గొంతు సవరించుకున్నాడు.

"చాలా విలువైంది నాయనా. ఒక మంచి మనిషిది."

"అయితే చూస్తూ నిలబడితే ఎలా? జరగండి!" అని క్లేటన్ ఆ కాలే రోడ్డు మీద మోకాళ్ళేసి, కాలవలో చెయ్యి పెట్టాడు. తనది కాని వస్తువుకోసం చెమటలు కక్కుతూ వెతుకుతున్న ఆ మనిషిని చూసి డార్లా ఆప్రాన్‌తో కళ్ళొత్తుకుంది. క్లేటన్‌కి మాత్రం వంగినప్పుడల్లా పలచటి తుపాకీ మూల తొడలో కసుక్కున దిగుతోంది. ఇక భరించలేక, ఇప్పుడే వస్తానని చెప్పి ట్రక్కు దగ్గరికెళ్ళాడు. దాన్ని తీసేసి గుండ్రటిది వేసుకుని తిరిగొచ్చాడు. ఉబ్బూ తిరిగొచ్చింది.

"దొరికింది!" అని డార్లా వేసిన కేకకి ఊరంతా చప్పట్లు కొట్టింది.

"ఎవరికి దొరికింది?" అని క్లేటన్ సంతోషంగా అడిగాడుగానీ వినేవాళ్ళెవరు? ఎలాగూ పొద్దు వాలుతోంది కదా అని ఆయన మావిస్ కొట్టుకి బయల్దేరాడు. కొట్టు ముందు ట్రక్కు దిగి వెనక్కి తిరిగితే ఫైరింజను, వేడివేడి పీచ్ పండ్ల పై అనే తీపి పట్టుకుని డార్లా, బైబిలుతో బ్రదర్ హాస్కెల్, స్కూలు బ్యాండులో బాకా ఊదే మాస్టారు. అందరూ ఆయన వెంటే కొట్టులో దూరారు.

"మోకాలి మీద కూర్చో నాయనా. మేమున్నాం," అన్నాడు బ్రదర్ హాస్కెల్.

అప్పుడు అర్థమైంది క్లేటన్‌కి. కాదంటే ఇంతమందిలో మావిస్‌కి తలవంపులు. ఔనందామంటే ఉంగరం లేదు. ఎన్ని వేసవులు నాన్చినా నోట రాదనుకున్న మాట, ఇలా నవ్వులపాలైపోతోంది. ఈ కొట్టు గుమ్మం తనకి ఇదే ఆఖరు. జేబులోది తీసి, అద్దాల బల్ల మీద పెట్టాడు. నీలం ప్లాస్టిక్ రివాల్వరు.

"ఇది ఉంగరం కాదే!" అంది డార్లా.

"ఉంగరమని నేనెప్పుడన్నానమ్మా?" అని క్లేటన్ మావిస్ వైపు తిరిగాడు. "క్షమించు మిస్ మావిస్. నావల్ల నీ పరువు బజార్న పడింది."

"అయ్యో మావిస్, పొద్దున్నే నీకు ఫోను చేసి మరీ చెప్పానే, నీకోసం ఉంగరం కొన్నాడని!" అని నొచ్చుకుంటూనే డార్లా ఠక్కున ఆగింది. "ఆగాగు. ఈ బొమ్మ అతని జేబులో పెట్టింది నువ్వే కదా? ఉంగరం కాదని నీకు పొద్దుట్నుంచీ తెలుసు కదా? ఒక్క ముక్క చెప్పి ఉంటే ఈ బురదంతా తప్పేది కదే!"

మావిస్ అప్పటికే తళతళలాడుతున్న అద్దాన్ని మళ్ళీ తుడిచింది.

"చెబితే మీరంతా ఎవరింటికి వాళ్ళు పోయేవాళ్ళు. రెండు తుపాకుల్లో ఒకటి తేల్చుకోడానికే ఈయనకి వేసవంతా పట్టింది. నా సంగతి తేల్చేసరికి నేనుంటానో ఉండనో. కాస్త వెనకనుంచి తోసేవాళ్ళుంటే మంచిదనిపించింది."

బాకా మాస్టారు ఉద్రేకం ఆపుకోలేక ఓసారి కీచుమనిపించాడు. క్లేటన్ బల్ల పట్టుకుని, పటపటమంటున్న మోకాలిని నేలకి ఆనించాడు. కళ్ళవెంట నీళ్ళు ధారకట్టాయి.

"మావిస్, నా దగ్గర ఉంగరం లేదు."

"కొందువుగానీ, తొందరేముంది. నీకేది నచ్చిందో ముందు అది చెప్పు."

"గుండ్రంది. పలచది జేబులో తెలీదుగానీ వంగితే గుచ్చుతుంది. పైగా అసలుదాని పైభాగం వెనక్కి లాగి గుండు ఎక్కించడానికి నా వేళ్ళకి బలం చాలదు. ఇది సుఖంగా చేతికొస్తుంది."

"నేనూ మొదట్నుంచీ అదే అనుకున్నా," అని మావిస్ ఆయనకి చెయ్యందించింది. "లే ఇంక. డార్లా తెచ్చిన పీచ్ పై చల్లారిపోతోంది."

అక్టోబరులో పెళ్ళి జరిగింది. బ్రదర్ హాస్కెల్ ఉంగరం ఏదని అడగ్గానే క్లేటన్ ఎడమ జేబులో చెయ్యి పెట్టి తాళాలు, చిల్లర, చాకు ఒక్కొక్కటే తీసి ఆయన బైబిలు మీద పేర్చి, అన్నిటికీ అడుగునుంచి ఉంగరం పైకి తీశాడు. పెళ్ళికూతురు మెచ్చుకోలుగా తలాడించింది. కుడి జేబు మాత్రం ఆయన ముట్టుకోలేదు.